రసాయనమా, వైరసా? కుందేలు చెవి చెప్పిన సాక్ష్యం

(షోలాపూర్ తెలుగు మిల్లు కార్మికుల ఆదివారం అధ్యయన తరగతిలో ఆరోగ్య కమిటీ తరఫున చదివిన ప్రసంగ పాఠం)



వారానికి ఒక్కటే సెలవు. ఆ సెలవును మాకు ఇచ్చి ఇక్కడికి వచ్చినందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. రాత్రి పాళీ దిగి ఇంటికైనా పోకుండా నేరుగా వచ్చినవాళ్ళు వెనక వరసలో కనబడుతున్నారు. నిద్ర ఆగకపోతే పడుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. రంగు ఖాతాలో పనిచేసినవాళ్ళు మాత్రం మేలుకుని ఉండాలని మా మనవి.

ఈవేళ మేము మాట్లాడబోయేది కుందేళ్ళ గురించి, చుంచెలుకల గురించి, కోళ్ళ గురించి. ప్రయోగశాలల్లో ఈ మూగజీవాలకు కేన్సర్ ఎట్లా తెప్పించారు, అందులో రసాయనాల పాత్ర ఎంత, వైరస్‌ల పాత్ర ఎంత అన్నది విషయం. "బోనస్ సంగతి వదిలి ఈ కుందేళ్ళ పురాణం ఏమిటి?" అని నిన్న ఒక జాబర్ అన్న మమ్మల్ని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు ఒక ఉత్తరంలో ఉంది.

మనలో ఒకాయన ఇరవై రెండేళ్ళు రంగు ఖాతాలో పనిచేశాడు. మిల్లు మూతపడ్డాక ఒక గోదాములో వాచ్‌మన్‌గా కుదురుకున్నాడు. రెండేళ్ళ కిందట మూత్రంలో రక్తం పడింది. నొప్పి లేదు. వేడి చేసిందనుకుని సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాడు, బార్లీ నీళ్ళు తాగాడు. రక్తం ఆగింది. నాలుగు నెలలకు మళ్ళీ పడింది. అప్పుడు ఆస్పత్రికి పోతే మూత్రాశయంలో గడ్డ ఉందన్నారు, కేన్సర్ అన్నారు. సంఘం తరఫున పాత యాజమాన్యానికి ఉత్తరం రాశాం. వాళ్ళు జవాబిచ్చారు, అదే గొప్ప. అందులో మూడు మాటలు. ఒకటి, ఆయన బీడీలు తాగుతాడు. రెండు, కేన్సర్ వైరస్‌ల వల్ల వస్తుందని శాస్త్రజ్ఞులే తేల్చారు, రంగులకు సంబంధం లేదు. మూడు, రంగుల మీద జరిగినవన్నీ జంతువుల మీద చేసిన ప్రయోగాలు, మనుషులకు అవి వర్తించవు.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ ఉత్తరం చూసి మాకు ఒళ్ళు మండింది. మర్నాడే కరపత్రం వేశాం. "వైరస్ మాట వట్టి బూటకం" అని పెద్ద అక్షరాల్లో అచ్చేయించాం. అది పంచిన మూడో రోజు, సాంచాల మీద పనిచేసే ఒక అన్న కూతురు, ఎమ్మెస్సీ చదువుతున్న పిల్ల, కరపత్రం చేత్తో పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. "పెదనాన్నా, మీరు తప్పు రాశారు. వైరస్ వల్ల కేన్సర్ వస్తుందన్నది నిజమే. నిజాన్ని బూటకమంటే రేపు వాళ్ళ డాక్టరు ఒక్క పుస్తకం తెరిచి మీ నోరు మూయిస్తాడు. వాళ్ళు చేసిన మోసం అక్కడ లేదు. వైరస్ ఉంటే రసాయనం లేనట్టే అన్నారు చూడండి, అక్కడుంది" అంది. మాకు సిగ్గేసింది. ఆ పిల్ల తెచ్చిచ్చిన పుస్తకాలు, కాగితాలు మూడు నెలలపాటు కూర్చుని చదివాం, అర్థం కానివి ఆమెతోనే చెప్పించుకున్నాం. ఆ చదివినదే ఈ ప్రసంగం.

మొదట రసాయనాల సంగతి. 1775లో లండన్‌లో పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు ఒక విషయం గమనించాడు. పొగగొట్టాలు ఊడ్చే కుర్రవాళ్ళకు పెద్దయ్యాక వృషణాల సంచి మీద పుండు పడుతోంది, అది కేన్సర్‌గా మారుతోంది. కారణం మసి అని ఆయన రాశాడు. మసిలో ఏముంది, చర్మానికి అది ఏం చేస్తుంది అన్నది ఆయనకు తెలియదు. పని మాత్రం చూశాడు, పనివాడి ఒళ్ళు చూశాడు.

తర్వాతి కథ మన సొంత కథ. ఇంగ్లండులో మాంచెస్టర్ చుట్టుపక్కల నూలు మిల్లుల్లో మ్యూల్ అనే వడికే యంత్రాలు ఉండేవి. మన రింగు ఫ్రేములు రాక ముందటివి. వందల కదుళ్ళున్న బండి ముందుకు వస్తూ వెనక్కు పోతూ ఉంటుంది. తెగిన దారం అతకడానికి స్పిన్నరు దాని మీదికి వంగాలి. కదుళ్ళకు వేసిన నూనె చిమ్మి, అతని పంట్లాము తొడల మధ్య తడిసి ముద్దయ్యేది. రోజంతా ఆ తడి గుడ్డే. ఏళ్ళ తరబడి అదే నూనె. 1902 నుంచి 1922 వరకు మాంచెస్టర్ రాయల్ ఇన్‌ఫర్మరీ ఆస్పత్రికి వృషణాల సంచి కేన్సర్‌తో వచ్చినవాళ్ళు 141 మంది అయితే, వాళ్ళలో 69 మంది మ్యూల్ స్పిన్నర్లే. పొగగొట్టాలు ఊడ్చేవాడు అందులో ఒకే ఒక్కడు. 1922లో సౌథామ్, విల్సన్ అనే వైద్యులు ఈ లెక్క ప్రకటించారు. అదే మాంచెస్టర్‌లో చుంచెలుకల చర్మం మీద ఆ నూనెలు పూసి చూశారు, కణితులు లేచాయి. అయినా స్పిన్నర్ల కోసం ప్రత్యేక నిబంధనలు వచ్చింది 1953లో! లెక్క తేలి ముప్పై ఏళ్ళు దాటాక. అప్పటికి మ్యూల్ యంత్రాలే చాలావరకు మూలపడుతున్నాయి. శాస్త్రం తేల్చాక కూడా చట్టం ఎంత తీరిగ్గా నడుస్తుందో చూడండి.

మన దేశంలో కార్మికుల నష్టపరిహార చట్టం షెడ్యూలులో తారు, ఖనిజ నూనెల వల్ల వచ్చే చర్మ కేన్సర్‌ను వృత్తి జబ్బుగా చేర్చారు. ఆ ఒక్క పంక్తి వెనక మాంచెస్టర్ స్పిన్నర్ల ప్రాణాలున్నాయి. నేటి నూనెలను బాగా శుద్ధి చేస్తున్నారు గనక వాటిలో ఆ ప్రమాదం చాలా తగ్గింది. వాడేసిన పాత నూనె సంగతి వేరు, దాన్ని ఒంటికి తగలనివ్వకండి.

ఇప్పుడు కుందేలు. మనుషుల్లో చూసినదాన్ని జంతువులో చేసి చూపించాలని చాలామంది ప్రయత్నించారు. కొన్ని వారాలు తారు పూసి, ఏమీ రాకపోతే మానేశారు. జపానులో యమగివా, ఇచికావా అనే ఇద్దరు మానలేదు. కుందేళ్ళ చెవుల లోపలివైపు తారు పూయడం, ఎండాక మళ్ళీ పూయడం, ఇలా నెలల తరబడి సాగించారు. 1915లో ఆ చెవుల మీద నిజమైన కేన్సర్ లేచిందని ప్రకటించారు. రసాయనం పూసి కేన్సర్ తెప్పించడం ప్రపంచంలో అదే మొదలు. ఓపిక పట్టకపోతే కనబడని జబ్బు అని ఆ ప్రయోగం చెప్పింది. కుందేలుకు నెలలు, మనిషికి పదిహేను, ఇరవై, ముప్పై ఏళ్ళు. 1933 నాటికి లండన్‌లో కెన్నవే బృందం రెండు టన్నుల తారుపిచ్చును వడపోసి వడపోసి అందులోంచి బెంజోపైరీన్ అనే అసలు దొంగను పట్టుకుంది. బొగ్గు కాలినా, పొగాకు కాలినా అది పుడుతుంది.

ఇక రెండో దారి, వైరస్. యమగివా కంటే నాలుగేళ్ళు ముందే, 1911లో, న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో పేటన్ రౌస్ అనే యువ శాస్త్రజ్ఞుడు ఒక ఫలితం ప్రకటించాడు. అంతకు ముందే ఆయన దగ్గరికి రొమ్ము మీద గడ్డ ఉన్న కోడిపెట్ట ఒకటి వచ్చింది. ఆయన గడ్డను నూరి, జీవకణాలు ఒక్కటి కూడా దాటలేని సన్నని వడపోత గుండా వడకట్టాడు. ఆ వడకట్టిన నీళ్ళు వేరే కోడికి ఎక్కిస్తే దానికీ గడ్డ లేచింది. అంటే కణం కంటే చిన్నదేదో గడ్డను మోసుకుపోతోంది. అదే వైరస్. అంతకు ముందు 1908లో డెన్మార్క్‌లో ఎల్లర్‌మన్, బాంగ్ అనేవాళ్ళు కోళ్ళ రక్త కేన్సర్ విషయంలో ఇలాంటిదే చూశారు. ఎవరూ పట్టించుకోలేదు. కోడి సంగతి కోడిది, మనిషికి వర్తించదు అన్నారు. ఈ మాట ఎక్కడో విన్నట్టుంది కదూ? రౌస్‌కు నోబెల్ బహుమతి 1966లో ఇచ్చారు. అప్పటికి ఆయనకు 87 ఏళ్ళు.

ఇక్కడిదాకా రెండు దారులూ వేరువేరు. తారు వాళ్ళు ఒక పక్క, వైరస్ వాళ్ళు ఒక పక్క, ఒకరినొకరు వెక్కిరించుకుంటూ ఉన్నారు. రెండు దారులనూ కలిపింది మళ్ళీ కుందేలే.

అమెరికాలో పొలాల్లో తిరిగే అడవి కుందేళ్ళకు ఒంటి మీద కొమ్ముల్లాంటి పెద్ద పులిపిర్లు లేస్తాయి. వేటగాళ్ళు వాటిని కొమ్ముల కుందేళ్ళనేవారు. 1933లో రిచర్డ్ షోప్ ఆ పులిపిర్లను నూరి వడకట్టి, అవి వైరస్ వల్ల వస్తున్నాయని తేల్చాడు. తర్వాత పనిని తన మిత్రుడు రౌస్ చేతిలో పెట్టాడు. ఆ పులిపిర్లలో కొన్ని నెలలు గడిచాక కేన్సర్‌గా మారడం రౌస్ చూశాడు. అప్పుడాయన, కిడ్ అనే మరొకాయన కలిసి ఒక ప్రయోగం చేశారు. మా దృష్టిలో ఈ మొత్తం కథకు గుండెకాయ అదే, కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాం.

పెంపుడు కుందేళ్ళ చెవులకు కొంతకాలం తారు పూశారు. ఆ తర్వాత షోప్ వైరస్‌ను చెవి మీద కాక రక్తనాళంలోకి ఎక్కించారు. రక్తంలోకి ఎక్కిన వైరస్ ఒళ్ళంతా తిరుగుతుంది కదా. ఎక్కడైనా దిగొచ్చు. కాని అది తారు పూసిన చోటే దిగింది. అక్కడే పులిపిర్లు గుంపులుగా లేచాయి, అక్కడే కేన్సర్లు త్వరత్వరగా వచ్చాయి. తారు ఒక్కటే పూస్తే అంత త్వరగా రాదు. వైరస్ ఒక్కటే ఎక్కిస్తే అలా రాదు. 1944లో రౌస్, ఫ్రీడ్‌వాల్డ్ దీన్ని తిరగేసి చేశారు. ముందు వైరస్‌తో పులిపిరి తెప్పించి, దాని మీద మిథైల్‌కొలాంత్రీన్ అనే రసాయనం పూశారు. ఎప్పటికో రావలసిన కేన్సర్ ముందే వచ్చింది, ఎక్కువ చోట్ల వచ్చింది.

ముందు రసాయనం వెనక వైరస్ అయినా, ముందు వైరస్ వెనక రసాయనం అయినా, రెండూ కలిస్తే నష్టం పెరిగింది. మన భాషలో చెప్పాలంటే ఒకటి పడుగు, ఒకటి పేక. ఈ పోలిక మరీ దూరం లాగకూడదు. పేక లేకుండా గుడ్డ రాదు గాని, వైరస్ ప్రమేయం లేకుండానే కేన్సర్ తెప్పించే రసాయనాలు ఉన్నాయి. రంగు ఖాతా సంగతి వచ్చినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఎందుకు కలుస్తాయి? దీని మీద శాస్త్రజ్ఞులు నలభై ఏళ్ళు కొట్లాడుకున్నారు. స్పెయిన్ నుంచి అమెరికా వెళ్ళిన దురాన్-రేనాల్స్ కేన్సరంతా వైరస్‌దే, రసాయనం చేసేది నిద్రపోతున్న వైరస్‌ను తట్టి లేపడమే అన్నాడు. కోళ్ళకు మిథైల్‌కొలాంత్రీన్ పూస్తే కోళ్ళ మశూచి వైరస్ రేగడం ఆయన చూశాడు. 1969లో హ్యూబ్నర్, టొడారో ఇంకో మెట్టు ఎక్కారు. కేన్సర్ పుట్టించే వైరస్ జన్యువులు ప్రతి జీవి కణంలోనూ తాతముత్తాతల నుంచే ఉన్నాయి, రసాయనాలూ రేడియేషనూ వాటిని లేపుతాయి అన్నారు. ఈ మాట గాలిలోంచి పుట్టింది కాదు. 1971లో ఏ వైరస్సూ సోకని చుంచెలుక కణాల మీద ఒక రసాయనం వేస్తే, ఆ కణాల్లోంచే రక్త కేన్సర్ వైరస్ బయటికి వచ్చింది. తరతరాలుగా జన్యువుల్లో దాగి ఉన్నది మేలుకుంది.

అయితే పూర్తి నిజం తలకిందులుగా తేలింది. 1976లో బిషప్, వార్మస్‌ల బృందం రౌస్ కోడి వైరస్‌లోని కేన్సర్ జన్యువు ఎక్కడిదని వెతికింది. అది మామూలు కోడి కణంలోనే ఉంది, ఆరోగ్యంగా, తన పని తాను చేసుకుంటూ. వైరస్సే ఒకప్పుడు కోడి దగ్గర దాన్ని ఎత్తుకుపోయి, పాడుచేసి, మళ్ళీ తెచ్చి అంటిస్తోంది. దొంగ మూటలో దొరికిన సొత్తు మన ఇంటిదే. ఈ పనికి వాళ్ళిద్దరికీ 1989లో నోబెల్ ఇచ్చారు.

అంటే కణం ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఆగాలి అని చెప్పే జన్యువులు మన ఒంట్లోనే ఉన్నాయి. వాటిని వైరస్ పాడుచేయగలదు, రసాయనమూ పాడుచేయగలదు. 1964లో జెన్నిఫర్ హార్వే కనుక్కున్న వైరస్ ఒకటుంది. అది ఎలుక దగ్గర ఎత్తుకుపోయిన జన్యువుకు రాస్ అని పేరు. 1983లో గ్లాస్గోలో బాల్మేన్, ప్రాగ్నెల్ చుంచెలుకల చర్మానికి రసాయనాలే పూసి కేన్సర్ తెప్పించి, ఆ కణితుల్లో ఏ జన్యువు చెడిందని చూశారు. అదే రాస్! వైరస్ ఏ తాళం పగలగొడుతుందో రసాయనం కూడా అదే తాళం పగలగొట్టింది.

దీని తర్వాత వచ్చిన ప్రయోగం చెప్పే ముందు నేపాళం గింజల సంగతి చెప్పాలి. మన నాటు వైద్యులు విరేచనానికి వాడేవి, మోతాదు మించితే ప్రాణం తీసేవి. 1941లో బెరెన్‌బ్లమ్ నేపాళం నూనెతో ఒక ప్రయోగం చేశాడు. తర్వాత షూబిక్‌తో కలిసి దాన్ని పెంచాడు. చుంచెలుక చర్మం మీద కేన్సర్ కారకాన్ని ఒక్కసారి, కొంచెంగా పూస్తే ఏమీ కనబడదు. నేపాళం నూనె ఒక్కటే పూస్తే దాదాపు ఏమీ రాదు. ముందు అది పూసి, తర్వాత ఇది మళ్ళీ మళ్ళీ పూస్తే కణితులే కణితులు. వరస తిప్పి పూస్తే రావు. మధ్యలో నెలలు గడిచినా సరే, వస్తాయి. మొదటి మచ్చ చెరగలేదన్నమాట. కంటికి కనబడకుండా కణంలో కూర్చుని, రెండో దెబ్బ కోసం చూస్తూ ఉంది.

1986లో బాల్మేన్ బృందం ఆ మొదటి రసాయనం స్థానంలో హార్వే వైరస్‌ను పెట్టింది. చుంచెలుక చర్మం గీరి వైరస్ అంటించారు. ఏమీ రాలేదు. నేపాళం నూనెలోని సారాన్ని ఆ చోట పూస్తూ పోయారు. కణితులు లేచాయి. రసాయనం చేసే మొదటి పనిని వైరస్ చేసింది, రెండో పనికి మళ్ళీ రసాయనమే కావాల్సి వచ్చింది. యాజమాన్యం ఉత్తరంలోని రెండో మాటకు ఇంతకంటే జవాబు మాకు దొరకలేదు.

ఇందులో ఆపే జన్యువులు కూడా ఉన్నాయి. పేక తెగితే సాంచా దానంతటదే ఆగాలి. ఆ ఏర్పాటు చెడితే ఏమవుతుందో మీకు మేము చెప్పనక్కరలేదు. కణంలో పీ53 అనే జన్యువు చేసేది ఆ పని. గర్భాశయ ముఖద్వార కేన్సర్ తెచ్చే పాపిలోమా వైరస్ దాని సరుకును నాశనం చేస్తుంది. బూజు విషం అఫ్లాటాక్సిన్ దాన్ని ఒక నిర్దిష్టమైన చోట కొడుతుంది.

అఫ్లాటాక్సిన్ అన్నాం గనక మనుషుల దగ్గరికి వద్దాం, మూడో మాట ఉంది కదా, జంతువుల సంగతి మనుషులకు వర్తించదని. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్ళు వేలకు వేలు చచ్చిపోతే, వాటి దాణాలోని పల్లీ పిండికి పట్టిన బూజులో ఈ విషం బయటపడింది. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ ఆదివాసీ గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని కామెర్లతో జనం చనిపోతే, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు వెళ్ళి కారణం ఇదేనని చెప్పారు. అది ఒక్కసారిగా చంపిన విషం. కొంచెం కొంచెంగా ఏళ్ళ తరబడి తింటే కాలేయపు కేన్సర్. మరోవైపు హెపటైటిస్ బి వైరస్ కూడా కాలేయపు కేన్సర్ తెస్తుంది. షాంఘైలో 18 వేల మందికి పైగా మగవాళ్ళను గమనించి 1994లో ప్రకటించిన లెక్క ఇది. అఫ్లాటాక్సిన్ ఒక్కటే తగిలినవాళ్ళకు ముప్పు సుమారు మూడు రెట్లు, వైరస్ ఒక్కటే ఉన్నవాళ్ళకు ఏడు రెట్లు, రెండూ ఉన్నవాళ్ళకు దాదాపు 60 రెట్లు. మూడూ ఏడూ కలిపితే పది. ఇక్కడ అరవై! కుందేలు చెవి మీద రౌస్ చూసినది షాంఘై కార్మికుడి కాలేయంలో కనబడింది. తుపాయా అనే చిన్న జంతువుకు చైనా శాస్త్రజ్ఞులు ఈ రెండూ ఇచ్చి చూసినా ఇదే దారి.

స్కాట్లండు కొండల్లో ఆవులదీ ఇదే కథ. వైరస్ వల్ల వాటి గొంతులో పులిపిర్లు వస్తాయి, మామూలుగా వాటంతటవే పోతాయి. ఒక రకం ఫెర్న్ మొక్క మేసే ఆవుల్లో మాత్రం అవి కేన్సర్లయ్యాయి. 1978లో జారెట్ బృందం దీన్ని బయటపెట్టింది.

ఇందులో ఒక మంచి మాట కూడా ఉంది. ఇద్దరు శత్రువులు కలిసి వస్తున్నప్పుడు ఒకణ్ణి ఆపినా చాలా మేలు. హెపటైటిస్ బి కి టీకా ఉంది. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే తయారుచేసి ధర దించింది. ఇప్పుడది పసిపిల్లలకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. మీ ఇంట్లో పుట్టిన బిడ్డకు వేయించారా లేదా ఈ సాయంత్రమే కార్డు చూడండి. బూజు పట్టిన పల్లీలు ఏరి పారేయండి, చట్నీలో కలపొద్దు. మన ఆడవాళ్ళు ఈ ఊళ్ళో ఇంటింటా బీడీలు చుడుతున్నారు. ఆ పొగాకు దుమ్ము సంగతి మరో ఆదివారం విడిగా మాట్లాడాలి, ఇందులో ఇరికించి తేల్చేయడం న్యాయం కాదు.

ఇక రంగు ఖాతా. ఇందాక గుర్తుంచుకోమన్నాం కదా. మూత్రాశయ కేన్సర్ విషయంలో వైరస్‌ను వెతకవలసిన పనే లేదు. 1895లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే వైద్యుడు మజెంటా రంగు తయారుచేసే కార్మికుల్లో ఈ కేన్సర్ చూశాడు. రంగుల పరిశ్రమ వాడిన బెంజిడీన్, బీటా నాఫ్థైలమీన్ దీనికి కారణాలని తర్వాత తేలింది. చిన్న జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో మూత్రాశయ గడ్డలు రాలేదు. 1938లో విల్‌హెల్మ్ హ్యూపర్ కుక్కలకు బీటా నాఫ్థైలమీన్ పెట్టి ఆ గడ్డలు తెప్పించాడు. ఒక్కో జంతువు ఒంట్లో రసాయనం ఒక్కో తీరుగా మారుతుంది. అందుకే ఒక జంతువులో రాలేదంటే ప్రమాదం లేదని అర్థం కాదు. ఆ ప్రయోగం అచ్చయ్యేనాటికి డూపాంట్ కంపెనీ హ్యూపర్‌ను ఉద్యోగంలోంచి తీసేసింది. జంతువుల ప్రయోగాలు మనుషులకు వర్తించవని కంపెనీలు నిజంగా నమ్మి ఉంటే, కుక్కలకు కేన్సర్ తెప్పించినవాణ్ణి చూసి అంత ఉలికిపాటు ఎందుకు?

బెంజిడీన్‌తో చేసిన రంగు ఒంట్లోకి పోయాక మళ్ళీ బెంజిడీన్‌గా విడిపోతుంది. అమెరికాలో 1978లో డైరెక్ట్ బ్లాక్ 38 లాంటి మూడు రంగులను ఎలుకలకు మేపితే 13 వారాల్లోపే కాలేయంలో కణితులు వచ్చాయి. జపానులో క్యోటో నగరంలో కిమోనో పట్టు మీద బొమ్మలు వేసే పనివాళ్ళు కుంచె కొసను పెదాలతో సన్నం చేసుకునేవారు. వాళ్ళలో మూత్రాశయ కేన్సర్ ఎక్కువగా ఉందని 1971లో బయటపడింది. మన ప్రభుత్వం 1990లలో బెంజిడీన్ రంగులతో సహా మొత్తం 112 రంగుల వాడకాన్ని నిషేధించింది. మన అన్న రంగు ఖాతాలో చేరింది అంతకు చాలా ముందు. అప్పుడు చేతికి తొడుగు లేదు. పొడి రంగును చాటతో తొట్టిలో పోసేవాడు. ఎర్ర రంగు వేసిన రోజు ఉమ్మినా ఎర్రగానే పడేదని ఆయనే మాకు చెప్పాడు.

మొదటి మాట మిగిలింది, బీడీ. నిజమే, తాగుతాడు. పొగాకు మూత్రాశయ కేన్సర్‌కు పెద్ద కారణం. దాన్ని మేము దాచం, మానమని ఆయనకూ చెప్పాం, మీకూ చెబుతున్నాం. అయితే పొగాకు పొగలో ఏముందో తెలుసా? హ్యూపర్ కుక్కలకు పెట్టిన అదే బీటా నాఫ్థైలమీన్ కొద్దికొద్దిగా ఉంటుంది. బయట బీడీలో కొంత, లోపల తొట్టిలో కొంత. రెండు చోట్ల అప్పు చేసినవాడి దగ్గరికి ఒక షావుకారు వచ్చి, రెండోవాడు ఉన్నాడు గనక నాకు బాకీయే లేదంటాడా? మన విషయంలో బాకీ ఉన్నది వాళ్ళు, అంతే తేడా.

కొత్త ఉత్తరం రాశాం. అందులో వైరస్ బూటకమని రాయలేదు. ఈ ప్రయోగాలన్నీ ఏళ్ళతో సహా రాశాం. పాత కరపత్రం మా తప్పేనని ఒప్పుకున్నాం. ఆ ఎమ్మెస్సీ పిల్లే దాన్ని దిద్దింది. జవాబు ఇంకా రాలేదు. మన అన్నకు ఒకసారి ఆపరేషన్ అయింది, మూడు నెలలకొకసారి గొట్టం వేసి లోపల చూస్తున్నారు. ఈవేళ రావాలనుకున్నాడు గాని కూర్చోలేనన్నాడు.

ఇప్పుడు మీతో పని. రంగు ఖాతాలో, ప్రింటింగ్‌లో, రంగు గోదాములో ఎప్పుడైనా పనిచేసినవాళ్ళ జాబితా రాస్తున్నాం. బదిలీ కార్మికులుగా ఆరు నెలలు చేసినా సరే, మానేసి ఇరవై ఏళ్ళయినా సరే, చనిపోయినవాళ్ళయితే ఇంట్లోవాళ్ళు వచ్చి చెప్పినా సరే. హాజరు కార్డు, జీతం చీటీ, ఈఎస్ఐ పుస్తకం, పీఎఫ్ కాగితం, ఏది దొరికితే అది తీసుకురండి. చెదలు పట్టినదైనా పారేయొద్దు. ఇప్పుడు రంగు పనిలో ఉన్నవాళ్ళు డబ్బా మీద ఏం రాసుందో ఒక కాగితం మీద ఎక్కించుకుని రండి, ఇంగ్లీషు రానివాళ్ళు అక్షరాలను బొమ్మలాగా దించినా చాలు. పేరులేని డబ్బా ఉంటే అదీ చెప్పండి. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు, వాడే పదార్థాల ప్రమాదాలు కార్మికులకు చెప్పి తీరాలని రాశారు. చట్టాల పేర్లు మారినా ఆ అడగడం మానొద్దు. మూత్రంలో ఒక్కసారి రక్తం కనబడినా, నొప్పి లేకపోయినా, సబ్జా గింజల దగ్గర ఆగకుండా ఆస్పత్రికి పోండి. రంగు పని చేశామని డాక్టరుకు మీ నోటితో చెప్పండి, ఆయన అడగడు.

జాబితా పుస్తకం తలుపు దగ్గరి బల్ల మీద ఉంది. పోయేముందు పేరు, ఖాతా, చేసిన ఏళ్ళు రాయించి పోండి. రాయడం రానివాళ్ళకు ఆ పిల్ల అక్కడే కూర్చుని రాసిపెడుతుంది.